నిద్రగన్నేరుకు శస్త్రచికిత్స

ఏటా జూలై రాగానే మన సంస్థలో వనమహోత్సవం జరుగుతుంది. 1950లో నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ శాఖల మంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన ఈ పండుగ ప్రభుత్వ రంగ సంస్థలన్నింటికీ ఒక ఆనవాయితీ అయింది. గుంత తీయడం, మొక్క నాటడం, నీళ్ళు పోయడం, ఫొటో తీయించుకోవడం. ఇవన్నీ ముప్పై ఏళ్ళపాటు నేనూ శ్రద్ధగా చేశాను. అయితే మొక్క నాటిన చేతులు ఆ మొక్క మాను అయిన తరువాత దానిని తాకడం అరుదు. మానుకు తెగులు పట్టితే, గాయమైతే, గాలికి కొమ్మ విరిగితే ఏమి చేయాలన్న ప్రశ్న మనకు తోచదు. తోచినా, గొడ్డలి అన్న ఒక్క సమాధానమే తడుతుంది.

నేను ఆ ప్రశ్నకు వేరే సమాధానం నేర్చుకున్నది పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, కోల్‌కతాలో, ఒక తెలుగు మనిషి దగ్గర. నేర్చుకోవడానికి ముందే ఒక చెట్టును చేజేతులా పాడుచేశాను. ముందుగా ఆ సంగతి చెప్పుకోకపోతే ఈ వ్యాసం రాయడంలో నిజాయితీ ఉండదు.

2009లో నాకు కోల్‌కతా కార్యాలయానికి బదిలీ అయింది. ఉద్యోగుల నివాస సముదాయం నిర్వహణ నా బాధ్యత. గోడల చెమ్మ, నీటి పంపులు, లిఫ్టులు, మురుగు కాలువలు, వీటన్నింటి సరసన ఆస్తుల జాబితాలో ‘చెట్లు – 64’ అని ఒక పద్దు ఉండేది. ఆ అరవై నాలుగింటిలో ముఖద్వారం పక్కనున్న తురాయి చెట్టు ఒకటి. బెంగాలీలు దానిని కృష్ణచూడ అంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రగా పూసి, వీధి మలుపు నుండే మా ఇంటి గుర్తుగా కనిపించేది. 2011లో దాని కాండంలో ఒక తొర్ర గమనించాను. ‘తొర్రను శుభ్రపరచి సిమెంటు కాంక్రీటుతో నింపవలెను, ఎత్తు తగ్గించుటకై పైభాగమును సమంగా కోయవలెను’ అని ఫైలు మీద రాశాను. పని చక్కగా జరిగింది. కోసిన కొమ్మల కొసలకు తారు కూడా పూయించాను. పై అధికారి వచ్చి చూసి మెచ్చుకున్నారు. రెండేళ్ళలో చెట్టు మునుపటికన్నా దట్టంగా చిగిర్చింది. నా వైద్యం ఫలించిందని పొంగిపోయాను.

2020 మే 20. కరోనా కారణంగా లాక్‌డౌన్ అమలులో ఉన్న రోజులు. ఆ సాయంత్రం అంఫాన్ తుఫాను సుందరవనాల మీదుగా తీరం దాటి కోల్‌కతా మీదికి వచ్చింది. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ ఊడ్చివేసిన నాటి గాలిని మీలో చాలామంది విని ఉంటారు. అదే హోరు. గంటకు నూరు కిలోమీటర్లకు మించిన గాలి రాత్రి పొద్దుపోయేదాకా ఆగలేదు. నగరంలో వేలాది చెట్లు కూలాయి. రాత్రి తొమ్మిది గంటల వేళ మా తురాయి విరిగి కాపలాదారు గది మీద పడింది. రేకుల కప్పు నేలకు అంటుకుపోయింది. గది తలుపు కొట్టుకుంటున్నదని, దానిని కట్టడానికి తాడు తేవడం కోసం కాపలాదారు అప్పుడే లోపలికి వచ్చాడు కనుక బ్రతికాడు.

మర్నాడు ఉదయం నీళ్ళలో నిలబడి ఆ చెట్టును చూశాను. సరిగ్గా నేను నింపించిన సిమెంటు పైఅంచు దగ్గర కాండం విరిగింది. సిమెంటు మాత్రం స్తంభంలా చెక్కుచెదరక నిలిచి ఉంది. దాని చుట్టూ కర్ర నల్లగా, తడిగా, పిండిలా రాలుతోంది. ఆ స్తంభం వంక, నలిగిన రేకుల వంక మార్చి మార్చి చూశాను. పక్కన నిలుచున్న కాపలాదారు ‘చెట్టు పాతదైపోయింది సార్’ అన్నాడు, నన్ను ఓదార్చడానికి.

చెట్టు పాతబడి కూలలేదని మూడు వారాల తరువాత తెలిసింది. కూలిన చెట్లను తొలగించడానికి మనుషులు దొరకని ఆ రోజుల్లో టీటాగఢ్ నుండి ఒక మేస్త్రీ వచ్చాడు. హుగ్లీ నది ఒడ్డున టీటాగఢ్, భాట్‌పాడా ప్రాంతాల జనపనార మిల్లులలో పని చేయడానికి శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుండి తెలుగువారు తరతరాల క్రితమే వలస వెళ్ళారన్న సంగతి మన పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది. ఈ మేస్త్రీ తాతగారు అలా వచ్చినవారే. ఊళ్ళో వారిది తాటి చెట్లు గీసే వృత్తి. తాత మిల్లుకు వస్తూ వెంట తెచ్చుకున్న మోకు చాలాకాలం వారి ఇంటి గోడకు వేలాడేదట. తండ్రి కూడా మిల్లులోనే చేశాడు. తన వయసు వచ్చేసరికి మిల్లు మూతపడడం, తెరవడం, మళ్ళీ మూతపడడం మొదలయింది. తాత విడిచిన పనిని మనుమడు పట్టుకున్నాడు. ఒక ముసలి తోటమాలి వెంట పదేళ్ళు తిరిగి, తరువాత సొంతంగా నలుగురు మనుషులను, తాళ్ళు, కప్పీలు, రంపాలను సమకూర్చుకొని వ్యాపారం పెట్టుకున్నాడు. వ్యాపారం పేరు లేదు, పలక లేదు. వీధులలో ‘గాఛేర్ డాక్తార్’ అంటారు. చెట్ల డాక్టరు అని అర్థం.

విరిగిన తురాయిని ఆయన చాలాసేపు చూశాడు. నేను తెలుగువాడినని తెలియగానే భాష మార్చి అన్నాడు: ‘ఈ సిమెంటు ఎవరు పోయించారో గానీ బాబూ, మంచి మనసుతోనే పోయించి ఉంటారు. గాలికి మాను ఊగుతుంది, సిమెంటు ఊగదు. ఊగినప్పుడల్లా అది లోపల ఒరుసుకుంటూనే ఉంటుంది. ఆ సందులోకి నీరు దిగుతుంది. ఇక తెగులుకి వేరే ఏం కావాలి?’

పోయించినది నేనేనని అప్పుడు చెప్పలేకపోయాను.

లాక్‌డౌన్ తీరికలో నేను దొరికినంత చదివాను. మేస్త్రీ అనుభవంతో చెప్పిన దానినే శాస్త్రజ్ఞులు పరిశోధించి చెప్పారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి, 1970ల నుండి ఒక విషయాన్ని నిరూపిస్తూ వచ్చాడు. మన చర్మం గాయాన్ని మాన్పుకుంటుంది. చెట్టుకు ఆ శక్తి లేదు. దెబ్బ తగిలిన కర్ర మళ్ళీ మంచి కర్ర కాదు. చెట్టు ఆ భాగం చుట్టూ లోపల గోడలు కట్టి, తెగులును అక్కడే బంధించి, దాని వెలుపల కొత్త కర్రను పెంచుకుంటుంది. కనుక తొర్రను శుభ్రం చేయడానికి గీకినా, చెక్కినా ఆ గోడ బద్దలై తెగులుకు దారి దొరుకుతుంది. తారు పూయడం వల్ల గాయం మానదు సరికదా, తడి లోపలే నిలిచిపోవచ్చు. తల నరికిన చెట్టు దట్టంగా చిగిర్చడం ఆరోగ్యం కాదు, ఆకలి. ఆకులు పోయి ఆహారం తయారుకాక, నిలవ ఉన్న శక్తినంతా ఖర్చుపెట్టి వేసిన చిగుళ్ళు అవి. ఆ కొత్త కొమ్మలకు కాండంతో గట్టి పట్టు ఉండదు. 2011లో నేను గర్వంగా చేయించిన మూడు పనులూ మూడు తప్పులే.

ఈ లోగా రెండవ చెట్టు సమస్య ముందుకు వచ్చింది. పిల్లల ఆటస్థలం అంచున ఒక నిద్రగన్నేరు ఉంది. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకొనే ఈ మహావృక్షం దక్షిణ అమెరికా ప్రాంతం నుండి వచ్చి మన నగరాలన్నింటా నీడ పరచింది. బెంగాలీలు శిరీష్ అని పిలుస్తారు. మా చెట్టు ఆటస్థలం వైపు ఒరిగి ఉంది, మొదట్లో తొర్ర ఉంది, తుఫానులో రెండు పెద్ద కొమ్మలు విరిగాయి. ‘మరో ప్రమాదం జరగక ముందే దానిని తొలగించండి’ అని నలభై కుటుంబాలు సంతకాలు చేసి ఇచ్చాయి. పశ్చిమ బెంగాల్‌లో 2006 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. ప్రమాదకరమని రాసిస్తే అనుమతి కష్టం కాదని అందరూ అన్నారు. రాయవలసిన కలం నాది. నిజం చెప్పాలంటే, రాసివేయాలనే నాకూ అనిపించింది. ఒక రాత్రి తప్పిన ప్రాణం నా కళ్ళలో ఉంది.

మేస్త్రీని పిలిపించి చూపించాను. ముందు చెట్టు చుట్టూ నెమ్మదిగా రెండుసార్లు తిరిగాడు. ఒరిగిన దిక్కుకు ఎదురువైపు నేలను చేత్తో తడిమాడు. మట్టి పైకి లేచిందా, బీటలు తీసిందా అని. లేదు. కొమ్మల కొసలను చూపించాడు. కాండం ఒరిగినా కొసలు నిటారుగా పైకి లేచి ఉన్నాయి. ‘ఈ ఒరుగు తుఫానుది కాదు, చిన్ననాటిది. వెలుతురు కోసం వంగి, తరువాత సర్దుకుంది. మొన్న ఒరిగినదైతే కొసలు కూడా వాలి ఉండేవి’ అన్నాడు. వేరు మొదట్లో పుట్టగొడుగుల కోసం వెదికాడు. కొయ్య సుత్తితో కాండాన్ని జానెడు జానెడు దూరంలో తట్టుతూ చెవి ఆనించి విన్నాడు. అనుమానమున్న ఐదు చోట్ల సన్నని బర్మాతో రంధ్రం వేసి గట్టి కర్ర ఎంత లోతుందో కొలిచాడు. కాండం చుట్టుకొలత నాలుగు మీటర్ల నలభై సెంటీమీటర్లు; అంటే అర్ధవ్యాసం సుమారు డెబ్భై. తొర్ర చుట్టూ గట్టి కర్ర నాలుగు చోట్ల ముప్పై సెంటీమీటర్లకు పైన, ఒకచోట ఇరవై నాలుగు ఉంది. మిగిలిన కర్ర మందం అర్ధవ్యాసంలో మూడవ వంతుకు తగ్గకపోతే కాండానికి తగిన బలం ఉన్నట్లని ఈ వృత్తిలో ఒక వాడుక లెక్క. అది ఒక్కటే చాలదు గానీ, మొదటి మెట్టు అది. బోలు గొట్టం ఇనుప కడ్డీ కన్నా తేలికైనా గాలికి నిలుస్తుందని ఇంజనీర్లయిన మన వారికి నేను చెప్పనక్కరలేదు.

‘మాను బలంగానే ఉంది బాబూ. తల బరువు ఒకవైపు ఎక్కువైంది, అంతే. బరువు దించితే నిలుస్తుంది’ అన్నాడు. నేను సందేహిస్తుంటే ఒక ప్రశ్న వేశాడు: ‘శిబ్‌పుర్ మర్రిని చూశారు కదా. దాని మొదలు ఎక్కడుందో చూశారా?’

నేను సామర్లకోట వాడిని. శిబ్‌పుర్ వృక్షోద్యానంతో మా ఊరికి ఒక బంధుత్వం ఉందని చిన్నప్పటి నుండి విన్నాను. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ హౌరా వైపు నది ఒడ్డున స్థాపించిన ఆ తోటకు, 2009 నుండి జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. 1793లో దాని బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు మా సామర్లకోటలోనే తోటలు పెంచాడు. వృత్తిరీత్యా ఆయన ఈస్టిండియా కంపెనీలో శస్త్రవైద్యుడు. మన ప్రాంతపు వృక్షాలను చిత్రింపజేసి, వాటికి మనవారు పిలిచే తెలుగు పేర్లను తన గ్రంథాలలో నమోదు చేశాడు. చెట్టును ఎరిగిన పల్లెవాడిని అడిగి తెలుసుకోవడం ఆ పండితుడు చిన్నతనంగా భావించలేదు.

ఇక ఆ మర్రి. వయసు రెండువందల యాభై ఏళ్ళకు పైన. మూడువేలకు మించిన ఊడలతో మూడున్నర ఎకరాలకు పైగా పరచుకుంది. దూరం నుండి చూస్తే అడవి, దగ్గరకు వెళితే ఒకే చెట్టు. కుటుంబంతో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. దాని మొదలు ఎక్కడుందని మాత్రం ఏనాడూ వెదకలేదు. ఎందుకంటే అది లేదు. 1864, 1867లలో వచ్చిన రెండు తుఫానులకు చెట్టు దెబ్బతింది. గాయాల నుండి కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రం ప్రవేశించింది. ఏళ్ళ తరబడి అది పెరిగి పెరిగి, పదిహేను మీటర్లకు మించిన చుట్టుకొలత గల ప్రధాన కాండానికే పాకింది. 1925లో ఆ కాండాన్ని తొలగించారు. తల్లిమానును తీసివేయాలని నిర్ణయించిన ఆ రోజు తోట అధికారులకు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. అయితే వారు చెట్టును కొట్టివేయలేదు. చెట్టును నిలపడానికి దాని మొదటి కాండాన్ని కోశారు. ఊడలు బరువు మోశాయి. అంఫాన్ ఆ మర్రినీ గాయపరచింది. కొన్ని ఊడలు పోయాయి, చెట్టు నిలిచింది.

ఇటువంటి వైద్యం మన గడ్డ మీదా జరుగుతున్నదే. అనంతపురం ప్రాంతంలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను లేత ఊడలను చీల్చిన వెదుళ్ళలో మట్టి, ఎరువు నింపి నేలకు దింపుతారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలగా, మరుసటి ఏడు అటవీ శాఖవారు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా పురుగుమందు ఎక్కించారు. బరువైన కొమ్మలకు దిమ్మెలు కట్టారు. పత్రికలలో ఆ సీసాల బొమ్మ చూసి నవ్వినవారిలో నేనూ ఒకడిని.

నిద్రగన్నేరును నిలపాలని నా మనసు మొగ్గింది. కానీ మనసు వేరు, ఫైలు వేరు. కొటేషన్లు పిలిచాను. ఒక కాంట్రాక్టరు చెట్టును ఉచితంగా కొట్టి, కలప కోసం సంస్థకే ఇరవై రెండువేల రూపాయలు చెల్లిస్తానన్నాడు. మేస్త్రీ చెట్టును నిలపడానికి ముప్పై ఎనిమిదివేలు అడిగాడు. కాగితం మీద తేడా అరవైవేలు. ‘చెట్టును చంపితే ఆదాయం, బ్రతికిస్తే ఖర్చు. ఆడిట్ వారికి ఏం చెబుతారు?’ అని సహాధికారి నవ్వుతూ అడిగాడు.

నవ్వులాట ప్రశ్నే అయినా నాకు అందులో అసలు కిటుకు కనిపించింది. మన టెండర్లలో కోసిన కలప కోసిన వాడిదే. ఎంత ఎక్కువ కోస్తే అంత లాభం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం సామెత. ఇక్కడ చెట్టు రక్షణ పేరు చెప్పి చెట్టునే అమ్ముకుంటున్నాం. మేస్త్రీ వ్యాపారం దీనికి పూర్తిగా విరుద్ధం. ఆయన కూలి తీసుకునేది వదిలిన కొమ్మలకు. ఆ సంగతి అడిగితే ఒప్పుకున్నాడు: ‘కలపకి ఆశపడితే రంపం నా మాట వినదు బాబూ. అందుకే కొయ్య నాకొద్దంటాను. దానివల్ల సగం పనులు పోతాయి.’ ఆ నష్టంతోనే ఆయన పిల్లలను చదివించాడు.

నివాసుల సమావేశంలో ఒక తల్లి లేచి సూటిగా అడిగింది: ‘మా పిల్లలు అక్కడ ఆడుకుంటారు. ఈ చెట్టు పడదని హామీ ఇవ్వగలరా?’ హాలు నిశ్శబ్దమయింది. ఇవ్వలేనని చెప్పాను. తురాయి కథను, నేను పోయించిన సిమెంటుతో సహా, మొదటిసారి అందరి ముందు చెప్పాను. ‘అప్పుడు ఒకసారి పని చేయించి తొమ్మిదేళ్ళు చెట్టు వంక చూడలేదు. ఇప్పుడు హామీ ఇవ్వను గానీ, ప్రతి కాలబైశాఖికి ముందు ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి చెట్టును పరీక్ష చేయిస్తాను. గాలి హెచ్చరిక వచ్చిన రోజు ఆటస్థలం మూసివేయిస్తాను. బలం తగ్గిందని తెలిసిన రోజు నేనే కొట్టివేతకు రాస్తాను’ అన్నాను. కాలబైశాఖి అంటే చైత్ర, వైశాఖాలలో బెంగాల్‌ను ఊపివేసే సాయంకాలపు గాలివాన. ఆమె ఒప్పుకున్నదని చెప్పలేను. ‘రాసి ఇవ్వండి’ అన్నది. రాసి ఇచ్చాను.

2021 జనవరి చివరి వారంలో మూడు రోజులు పని జరిగింది. మేస్త్రీ రెండు తాళ్ళు కట్టుకొని ఎక్కేవాడు. ఒకటి మార్చి కట్టేటప్పుడు రెండవది మనిషిని పట్టి ఉంచాలి. ప్రతి పెద్ద కొమ్మకూ మూడు కోతలు. మొదట కాండానికి అడుగు దూరంలో కింది నుండి సగం లోపు ఒక గాటు. తరువాత దానికి కాస్త వెలుపల పై నుండి కోత. ఇలా చేస్తే కొమ్మ విరిగేటప్పుడు కాండం మీది బెరడును చీల్చుకొని పోదు. చివర మిగిలిన మోడును, కొమ్మ మొదట మెడలా ఉబ్బి ఉండే భాగానికి సరిగ్గా వెలుపల కోయాలి. ఆ మెడలోనే చెట్టు గోడ కట్టుకునే శక్తి ఉంది. మెడ తెగితే తెగులు లోపలికి దిగుతుంది, మోడు మిగిలితే అదే కుళ్ళుతుంది. కొమ్మను కప్పీ మీద తాడుతో నెమ్మదిగా దించేవారు. మూడు రోజులలో కోసినవి పదకొండు కొమ్మలు. తల నరకలేదు, తారు పూయలేదు, తొర్రను ముట్టుకోలేదు. నేల మీద మాత్రం ఒక పని చేయించాడు: మొదలు చుట్టూ మేము అందంగా పరిపించిన సిమెంటు పలకలను తీయించి, రాలిన ఆకులనే పరిపించాడు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించినప్పుడు ఆ వార్తను చదివి మరచిపోయాను. వేళ్ళకూ ఊపిరి కావాలన్న సంగతి అప్పుడే గ్రహించి ఉండవలసింది.

ఆ మే 26న యాస్ తుఫాను ఒడిశా తీరం దాటింది. కోల్‌కతాకు దాని అంచు మాత్రమే తగిలింది. ఆటస్థలానికి ముందు రోజే తాళం వేయించాను. రాత్రంతా కిటికీ దగ్గర కూర్చున్నాను. పలచబడిన కొమ్మల మధ్య నుండి గాలి దూసుకుపోతుండగా చెట్టు ఊగింది, నిలిచింది. తెల్లవారి కిందికి వెళితే, ఆ రోజు నన్ను నిలదీసిన తల్లి అప్పటికే చెట్టు దగ్గర నిలబడి పైకి చూస్తున్నది. ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

2022లో నేను పదవీ విరమణ చేశాను. మేస్త్రీ ఇప్పుడు చెట్లు ఎక్కడం మానుకొన్నాడు. కొడుకు ఎక్కుతాడు, తాను కింద నిలబడి తాడు పట్టుకుంటాడట. వెళ్ళే ముందు ఆ కార్యాలయంలో నేను రెండు పనులు చేశాను. కోసిన కలప సంస్థకే చెందాలని, మేస్త్రీకి కూలి ఎక్కిన రోజుల లెక్కన చెల్లించాలని పని ఉత్తర్వు మార్పించాను. చెట్ల పరీక్షకు ఒక రిజిస్టరు తెరిపించాను. అందులో తేదీ, చెట్టు సంఖ్య, ఏమి కోశారు అన్న గడులు మామూలే. మేస్త్రీ సలహాతో మరొక గడి చేర్చాను: ‘ఏమి కోయకుండా వదిలారు, ఎందుకు?’ నా వారసుడు ఏటా మార్చిలో నిద్రగన్నేరు పేజీని నాకు ఫొటో తీసి పంపుతున్నాడు. మొన్న వచ్చిన దానిలో మొదటి గడి ఖాళీగా ఉంది. చివరి గడి మాత్రం నిండుగా రాసి ఉంది.